చిట్టా, ఆవర్జా, ఆపైన ఒక కథ

"బ్యాంకు ఉద్యోగం చేస్తూ కథలు రాయడానికి మీకు తీరిక ఎక్కడ దొరుకుతుందండీ?" అని మన సంఘం సమావేశాల్లో నన్ను చాలామంది అడుగుతుంటారు. అడిగేవారి ముఖాల్లో రెండు అనుమానాలు కనిపిస్తాయి. ఒకటి, ఈయన బ్యాంకు పని సరిగా చేస్తున్నట్టు లేదు. రెండు, ఈయన రాసేవి కథలయి ఉండవు. రెండో అనుమానం గురించి నేను వాదించను, అది పాఠకులు తేల్చవలసిన విషయం. మొదటిదాని గురించి మాత్రం నాలుగు మాటలు చెప్పాలని ఉంది. ఎందుకంటే, తీరిక దొరికాక రాద్దామనుకున్నవాళ్ళు రిటైరయ్యాక కూడా రాయడం నేను చూడలేదు. మంచి బల్ల కొంటారు, మంచి పెన్ను కొంటారు, కళ్ళజోడు మార్పిస్తారు. నెలరోజులు కూర్చుంటారు. ఆ తరువాత ఆ బల్లమీద మందుసీసాలు, కరెంటు బిల్లులు చేరతాయి.

గొప్ప సాహిత్యం ఎలా రాయాలో చెప్పే అర్హత నాకు లేదు. కామర్సు చదివినవాణ్ణి. ఇరవై ముప్ఫై ఏళ్ళపాటు మానకుండా, విసుగు పుట్టకుండా, ఇంట్లోవాళ్ళతో మాట పడకుండా రాసుకుంటూ పోవడం ఎలాగన్నదే ఇక్కడ నేను చెప్పబోయేది. ఇది మనవంటి వాళ్ళకి, అంటే రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో ఉంటున్న తెలుగువాళ్ళకి, ఒక సరదా మాత్రమే కాదు. అదెందుకో ముందు చెప్పుకుందాం.

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. అంతవరకు జయపురం సంస్థానం, కోరాపుట్ కొండలు, రాయగడ అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖపట్నం జిల్లాకి చెందినవే. కొన్ని కుటుంబాలు ఎక్కడికీ కదలలేదు, హద్దే వాళ్ళ వీధిని దాటుకుని అటు పోయింది. మరికొన్ని కుటుంబాలు తరువాత వచ్చాయి. మాచ్‌ఖండ్ విద్యుత్కేంద్రం 1955లో, జేకేపురంలో కాగితం మిల్లు 1962లో, సునాబెడాలో విమాన ఇంజన్ల కర్మాగారం 1960లలో, దామన్‌జోడిలో నాల్కో 1980లలో వచ్చాయి. ఇటీవల 2013లో మన డొరగుడలో ఉత్కల్ అల్యూమినా ఉత్పత్తి మొదలుపెట్టింది. ఒక్కొక్క పొగగొట్టం వెనకాల కొన్ని తెలుగు కుటుంబాలు వచ్చాయి. డొరగుడ పేరు మన చెవికి 'దొరగూడెం' లాగే వినపడుతుంది కాబట్టి కొత్తగా వచ్చినవాళ్ళు ఊరు పేరు దగ్గర మాత్రం తడబడరు.

మన ఇళ్ళలో మాట తెలుగే. పిల్లల బడి ఒడియా, ఇంగ్లీషు. టీవీ హిందీ. సంతకెళితే దేశియా. నాలుగు భాషలు వచ్చిన పిల్లలని చూసి సంతోషించవలసిందే. కాని ఆ నాలుగింటిలో మూడింటిని చదవగలుగుతున్నారు, ఇంట్లో భాషని మాత్రం మాట్లాడగలరు, చదవలేరు. మాట మరో రెండు తరాలు ఉంటుందేమో. రాత ఒక్క తరంలోనే పోతుంది. పోతున్నట్టు ఎవరికీ తెలియదు కూడా.

కొన్నేళ్ళ క్రితం ఒక అమ్మాయి మా బ్రాంచికి వచ్చింది. కాలేజీ పిల్ల. చేతిలో అట్ట ఊడిపోయిన నోటుపుస్తకం.

"సార్, మా మామ్మ పోయింది. ఆమె పెట్టెలో ఇది దొరికింది. అంతా అంకెలే ఉన్నాయి. ఎవరికైనా అప్పులిచ్చిందేమో, ఎక్కడైనా డబ్బు దాచిందేమో చూసి చెప్తారా? మా ఇంట్లో ఎవరికీ తెలుగు చదవడం రాదు" అంది, చక్కటి తెలుగులోనే.

"కూర్చోమ్మా" అని తీసి చూశాను. అప్పులూ లేవు, డిపాజిట్లూ లేవు. ఇంటి ఖర్చుల చిట్టా. పార్వతీపురం ప్రాంతం నుంచి పెళ్ళయి వచ్చిన మనిషి. బియ్యం ఇంత, కిరసనాయిలు ఇంత, చోళ్ళు ఇంత. అయితే ప్రతి రోజు లెక్క కిందా ఒకటో రెండో మాటలు. రాత్రంతా వాన, పొయ్యి అంటుకోలేదు. అబ్బాయి సునాబెడా వెళ్ళాడు, ఉద్యోగం ఖాయమయితే ముడుపు చెల్లించాలి. పక్కింటి ఒడియా ఆవిడ పఖాల చేసి ఇచ్చింది, పులుపు బాగుంది. ఇలా కొన్ని సంవత్సరాలు. లంచ్ టైములో ఆ పిల్లకి ఓ పది పేజీలు చదివి వినిపించాను. ఏడుస్తుందనుకున్నాను గాని ఆ పిల్ల నవ్వింది. "మామ్మ ఇలాగే మాట్లాడేది సార్" అంది. మిగిలిన పేజీలు ఎవరు చదువుతారని అడిగింది. దానికి బ్యాంకులో సమాధానం లేదు.

ఆవిడ రచయిత్రి కాదు. రచయిత్రినని ఎవరయినా అంటే తిట్టి ఉండేది కూడా. కాని అన్నేళ్ళు రోజూ రాసింది, విసుగులేకుండా రాసింది, రాసినదాంట్లో మనిషి గొంతు నిలబడింది. రచనావ్యాసంగం అన్న పెద్దమాటకి అసలు పునాది ఇదేనని నాకు అప్పుడు అనిపించింది. నేను నమ్మే పద్ధతి కూడా ఆవిడ పుస్తకం లాంటిదే.

పాతకాలపు దుకాణాల్లో రెండు పుస్తకాలుండేవి. చిట్టా, ఆవర్జా. చిట్టాలో ఏ రోజు జరిగింది ఆ రోజు, జరిగిన వరసలో, ఆలోచించకుండా రాసేస్తారు. ఆవర్జాలో దాన్నే మళ్ళీ పేర్లవారీగా విడదీసి ఎక్కిస్తారు. చిట్టా లేని ఆవర్జా ఉండదు. కొత్తగా రాయాలనుకునేవాళ్ళు చాలామంది చిట్టా లేకుండా నేరుగా ఆవర్జా, ఇంకా చెప్పాలంటే నేరుగా బాలెన్స్ షీటు రాయబోతారు. తెల్లకాగితం ముందు పెట్టుకుని 'కథ రాయాలి' అనుకుంటే ఎవరికయినా భయమే వేస్తుంది.

అందుచేత నేను రోజూ రాత్రి భోజనమయ్యాక పావుగంట చిట్టా రాస్తాను. ఐదారు వాక్యాలు. కౌంటరు దగ్గర విన్న ఒక మాట, టికిరి స్టేషనులో చూసిన ఒక మనిషి, కొండమీద మబ్బు. అందంగా రాయను. ఆదివారం పొద్దున్న ఆ వారం చిట్టా తీసి ఆవర్జాకెక్కిస్తాను. ఒక పేజీ 'మనుషులు', ఒకటి 'మాటలు', ఒకటి 'గొడవలు', ఒకటి 'తిండి'. నాలుగయిదు నెలలకి ఏదో ఒక పేజీ బరువెక్కుతుంది. ఒకే మనిషి పేరు పదిసార్లు కనిపిస్తుంది. అప్పుడు కథ రాయక తప్పదు. నా అనుభవంలో సంవత్సరానికి రెండు, మహా అయితే మూడు కథలు. ఇరవై ఏళ్ళకి లెక్కవేసుకోండి, తక్కువేం కాదు.

లెక్క అంటే గుర్తొచ్చింది. ఇంగ్లీషు నవలాకారుడు ఆంథొనీ ట్రోలప్ పోస్టాఫీసు ఉద్యోగి. 1834 నుంచి 1867 దాకా, అంటే ముప్ఫైమూడేళ్ళు తపాలా శాఖలో పనిచేశాడు. బ్రిటన్లో వీధిపక్క ఉత్తరాల డబ్బాలు పెట్టించడంలో ఆయన చెయ్యి ఉంది. అదే మనిషి 47 నవలలు రాశాడు. తెల్లవారుజామున ఐదున్నరకి బల్ల ముందుండేవాడు. తనని లేపి కాఫీ ఇచ్చినందుకు పాత నౌకరుకి ఏడాదికి ఐదు పౌండ్లు అదనంగా ఇచ్చేవాడు. గడియారం ఎదురుగా పెట్టుకుని పావుగంటకి 250 మాటల చొప్పున రాసేవాడు. ఏ రోజు ఎన్ని పేజీలయ్యాయో డైరీలో గళ్ళు గీసి వేసుకునేవాడు. రాయని రోజు ఖాళీ గడి తన కళ్ళలోకే చూస్తుందన్నమాట. ఆయన 1882లో పోయాక, మరుసటేడు ఆత్మకథ అచ్చయి ఈ సంగతులన్నీ బయటపడ్డాయి. కవి అన్నవాడు ప్రేరణ వస్తే రాయాలి గాని గడియారం చూసి రాయడమేమిటని చాలామంది పెదవి విరిచారు. నాకు మాత్రం ఆ డైరీ సంగతి చదవగానే సొంత అన్నగారు దొరికినంత సంతోషమయింది.

అయితే ట్రోలప్‌గారి కొలత మనకి పనికిరాదు. తెలుగులో ఒక్క మాటలోనే ఇంగ్లీషువాడి నాలుగు మాటలు ఇమిడిపోతాయి. పైగా ఆయనకి లేపే నౌకరున్నాడు, మనకి పాలవాడు తప్ప ఎవరూ లేరు. అల్యూమినా ప్లాంటులో ఏ, బీ, సీ షిఫ్టులు తిరిగేవాళ్ళకి తెల్లవారుజాము నియమం అసలు కుదరదు. వాళ్ళకి నేను చెప్పేది వేళ కాదు, చోటు నిర్ణయించుకోమని. కంపెనీ బస్సులో కిటికీ సీటు కావచ్చు, వంటింటి గట్టు చివర కావచ్చు. అక్కడ కూర్చుంటే ఆ పుస్తకమే తియ్యాలి, ఫోను తియ్యకూడదు. మా పరిచయస్తుల్లో ఒకావిడ కుక్కరు మూడు విజిల్సు వేసేలోగా రాస్తుంది. పప్పు మెత్తగా ఉడకాలంటే ఇంకో రెండు విజిల్సు కావాలని ఇంట్లోవాళ్ళు గొణుగుతారట. ఆవిడకి అది ఇంకో నాలుగు వాక్యాలు.

ఇక దూరం పోకుండా మన కొండల్లోకే వద్దాం. ఒడియా నవలాకారుడు గోపీనాథ మహంతి 1938లో ఒడిశా పరిపాలనా సర్వీసులో చేరి 1969లో రిటైరయ్యారు. ఉద్యోగరీత్యా కోరాపుట్ జిల్లాలో చాలాకాలం తిరిగారు. తిరిగినవాళ్ళు ఎంతమంది లేరు? జీపు దిగి, కాయితం మీద సంతకం పెట్టి, మళ్ళీ జీపెక్కినవాళ్ళే ఎక్కువ. ఆయన కొండవాళ్ళ భాషలు నేర్చుకున్నారు, వాళ్ళ మధ్య కూర్చున్నారు. ఆ తిరుగుడులోంచి వచ్చిన నవలే 1945 నాటి 'పరజా'. కంధుల జీవితం మీద రాసిన 'అమృతర సంతాన' నవలకి 1955లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. ఒడియాకి అదే మొదటి అకాడెమీ అవార్డు. తరువాత 'మాటీ మటాల'కి 1973 జ్ఞానపీఠం. ఈ రచనల్లో చాలాభాగం ఉద్యోగం చేస్తూ, ఫైళ్ళు చూస్తూ రాసినవే.

'పరజా' చదవని బ్యాంకు ఉద్యోగి ఈ జిల్లాలో ఉండకూడదని నా అభిప్రాయం. సుక్రుజాని అనే పరజా రైతు. ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు. పెద్దకొడుకు పేరు మాండియా, అంటే మన చోడి గింజ. అడవిలో చెట్లు కొట్టినందుకు జుర్మానా పడుతుంది. అది కట్టడానికి సాహుకారు దగ్గర అప్పు. అప్పుకి బదులు 'గోతి'గా, అంటే పాలేరుగా, కట్టుబడటం. వడ్డీ పెరుగుతుంది, మనిషి తరుగుతాడు. భూమి కూడా పోతుంది. నవల చివరికి ఆ సాహుకారు మీద గొడ్డలి పడుతుంది. ఇదంతా మనం రోజూ చూసే అసలు, వడ్డీ, తాకట్టు అనే మూడు మాటల కథే. నేను రోజూ నింపే లోను దరఖాస్తులో 'అప్పు దేనికోసం' అని ఒక గడి ఉంటుంది. మహంతిగారు ఆ గడిలోంచి నవల తీశారు. మన ఉద్యోగం మన రచనకి అడ్డు అనుకునేవాళ్ళు ఈ ఒక్క పుస్తకం చదివితే చాలు. విశాఖపట్నంలో రావిశాస్త్రిగారు ప్లీడరు. కోర్టు బయట నిలబడే అమాయకులూ, సాక్షులూ, పోలీసులూ ఆయన కథల్లోకి నడుచుకుంటూ వచ్చేశారు. భమిడిపాటి రామగోపాలంగారయితే ఆఫీసు ఉత్తరం కింద రాసే 'ఇట్లు మీ విధేయుడు' అన్న మాటనే పుస్తకానికి పేరుగా పెట్టారు. దానికి 1991లో సాహిత్య అకాడెమీ అవార్డు కూడా వచ్చింది. మా బ్యాంకువాళ్ళ పక్షాన యండమూరి వీరేంద్రనాథ్‌గారు ఉండనే ఉన్నారు. చార్టర్డ్ అకౌంటెంటు, ఆంధ్రా బ్యాంకులో పనిచేసినవారు.

అన్నట్టు 'అమృతర సంతాన'ని 'అమృత సంతానం' పేరుతో తెలుగులోకి తెచ్చినవారు విశాఖపట్నం పురిపండా అప్పలస్వామిగారు. ఒడియా పుస్తకం తెలుగు చేయడానికి ఇవాళ మనకంటే దగ్గరవాళ్ళెవరు? మనకి 'మండియా పేజ్' అంటే చోడి అంబలి అని నిఘంటువు చూడకుండా తెలుసు. సొంత కథ తోచనివాళ్ళు ఒక ఒడియా కథ తీసుకుని రోజుకి అరపేజీ తెలుగు చెయ్యండి. (అచ్చువేసేముందు మూలరచయిత అనుమతి తీసుకోవడం మరవకండి.) నా ఉద్దేశంలో రాయడం నేర్చుకునేందుకు దీన్ని మించిన బడి లేదు. కథ ఎలా రాస్తారో పక్కనుంచి చూస్తూ, కూలి లేకుండా నేర్చుకోవడం.

"మా తెలుగు అచ్చు తెలుగు కాదండీ, ఒడియా మాటలు దొర్లుతాయి, పత్రికలవాళ్ళు నవ్వుతారు" అన్నది తరచు వినిపించే మరో భయం. ఇది విన్నప్పుడల్లా నాకు గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తుకొస్తారు. ఆయన ఉన్నది మన పొరుగునే, పర్లాకిమిడిలో. బడిపంతులు. మాట్లాడే తెలుగే రాయాలని పోరాడినవారు. దానికోసం 1919లో 'తెలుగు' అనే పత్రిక నడిపారు. ఇంకోపక్క సవర భాష నేర్చుకుని, కొండల్లో తిరిగి, చలిజ్వరాలకి క్వినైను మింగి, చెవుడు తెచ్చుకుని కూడా వదలలేదు. సవర వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. మొదలుపెట్టిన నాటి నుంచి లెక్కిస్తే అది దాదాపు నలభై ఏళ్ళ పని. అంతకాలం ఆయన్ని నడిపింది ఎవరో ఇచ్చే మెప్పు అయి ఉండదు, చేస్తున్న పనిలో ఉన్న ఇష్టమే అయి ఉంటుంది. ఆ పంతులుగారు ఈ సరిహద్దులోనే ఉండి మాట్లాడే భాషకి పీట వేయించాక, మనం మన మాటకి సిగ్గుపడటం బాగుండదు. 'హాటుకెళ్ళొచ్చాను' అనే ఇంట్లో 'విపణికి వెళ్ళివచ్చితిని' అని రాయాల్సిన పనిలేదు. నిజానికి ఆ హాటే మన కథకి మన ఊరు పేరు పెడుతుంది.

ఒంటరిగా రాస్తే కొన్నాళ్ళకి ఎవరికయినా నీరసం వస్తుంది. మేము నాలుగయిదు కుటుంబాలవాళ్ళం నెలలో రెండో ఆదివారం సాయంత్రం ఎవరో ఒకరింట్లో కూర్చుంటాం. ప్లాంటులో పనిచేసే ఒక కెమిస్టు, రిటైరయిన ఒక టీచరుగారు, ఇందాక చెప్పిన కుక్కరావిడ, పదో తరగతి పిల్లవాడొకడు, నేను. ఒక్కొక్కరు ఒక పేజీ పైకి చదవాలి. నియమం ఒక్కటే. వినేవాళ్ళు 'బాగుంది' అనకూడదు, 'బాగులేదు' అనీ అనకూడదు. విన్నదాంట్లో ఏ వాక్యం గుర్తుండిపోయిందో చెప్పాలి, అంతే. ఎవరికీ ఏ వాక్యమూ గుర్తులేకపోతే రాసినవాళ్ళకి విషయం అర్థమవుతుంది, మనస్తాపమూ ఉండదు. ఆ తరువాత టీ, పకోడీలు. పకోడీల కోసమే వచ్చేవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళని తీసెయ్యలేదు, మంచి శ్రోతలు వాళ్ళే.

ఆ పదో తరగతి పిల్లవాడికి మొదట్లో తెలుగు అక్షరాలు రావు. తను చెబుతుంటే వాళ్ళమ్మ రాసేది. వాడి ఊహలో సొరంగంలోకి వెళ్ళిన కోరాపుట్ బండి బయటికి రాదు, అందులోవాళ్ళంతా లోపల ఊరు కట్టుకుంటారు. బ్రహ్మాండమైన కథ. అయితే అమ్మ తనకి నచ్చనిచోట మాటలు మారుస్తోందని వాడికి అనుమానం వచ్చింది. చదివి సరిచూసుకుందామంటే చదవడం రాదు. ఆ కోపంతో వేసవి సెలవుల్లో అక్షరాలు నేర్చేసుకున్నాడు. ఒత్తులు ఇంకా తప్పులే. ఫోనులో తెలుగు కీబోర్డు ఒత్తుల సంగతి కొంత చూసుకుంటోంది. 'తెలుగు నేర్చుకోరా' అని మేమంతా ఏళ్ళ తరబడి చెప్పి సాధించనిది వాడి సొంత కథ సాధించింది.

అచ్చు సంగతి చెప్పకపోతే వ్యాసం పూర్తికాదు, కాని చెప్పడానికి పెద్దగా లేదు. 'భారతి' 1991లో ఆగిపోయింది. 'యువ' లేదు. చాలా వారపత్రికలు మూతబడ్డాయి. అచ్చుకోసమే రాసేవాళ్ళకి ఇది కష్టకాలం. నామటుకు నేను రాసినది పదిమంది చదివితే ఆ ఏడాదికి లాభం వచ్చినట్టే లెక్క. పారితోషికం వస్తే మిఠాయి కొనాలి, దాన్ని ఇంటి బడ్జెట్టులో చూపించకూడదు.

మధ్యలో ఆగిపోతే కంగారుపడవద్దు. కాళీపట్నం రామారావు మాస్టారు విశాఖపట్నంలో లెక్కల మాస్టారుగా పనిచేస్తూ కథలు రాశారు. మధ్యలో ఏళ్ళ తరబడి కలం పక్కన పెట్టిన కాలాలున్నాయి. రాసినవి తక్కువే. 'యజ్ఞం' ఒక్కటి చాలదా? 1995లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయం తెరిచారు. తను రాయని కాలంలో ఇతరుల కథలు పోగుచేసిన మనిషి ఆయన. 2021లో వెళ్ళిపోయారు, కథానిలయం ఉంది. తెలుగు కథ ఎక్కడ అచ్చయినా అక్కడ దానికో చోటుంది. మన ప్రాంతం నుంచి వచ్చే కథలకి కూడా. రాయలేని నెలల్లో నేను కూడా చదువుతాను, చిట్టా మాత్రం ఒక్క వాక్యమయినా వేస్తాను. జ్వరం వచ్చిన రోజున 'జ్వరం' అని రాసి సంతకం పెట్టినా చాలు, గడి ఖాళీగా ఉండదు.

వచ్చే సంచిక కోసం సంపాదకులు మన జిల్లాలవాళ్ళ దగ్గర్నుంచి ఒక్కొక్క పేజీ అడుగుతున్నారు. మీ ఇంట్లో మొదట ఈ కొండెక్కి వచ్చినవారెవరు, ఏ బండిలో వచ్చారు, వచ్చిన రోజున ఏం తిన్నారు, ఈ మూడు సంగతులు రాస్తే సరిపోతుంది. రాయడం రానివాళ్ళు చెబితే పిల్లలు ఫోనులో రికార్డు చేసి పంపవచ్చు, మేము కాయితం మీద పెడతాం. పెట్టెల్లో పాత చిట్టాలు, ఉత్తరాలు ఉంటే పారెయ్యకండి, తీసుకురండి, చదివి పెడతాను. మార్చి నెలాఖరున మాత్రం తేవద్దు. ఆ పదిరోజులు మా బ్రాంచిలో వేరే పుస్తకాలు మూస్తుంటాం. ఏప్రిల్ మొదటి ఆదివారం తరువాత ఎప్పుడయినా సరే.